అత్తయ్య పక్కన ఇంకో ఊపిరి

దెయ్యాలనీ, ఆత్మలనీ ఎవరైనా చెబితే నేను వినేదాన్ని కాదు. విన్నా మొహం మీద నవ్వు దాచుకోవడానికి చూసేదాన్ని. విజయవాడలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. ఆకు లోపల ఏం జరుగుతుందో బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పడమే నా బతుకుతెరువు. అలాంటి నేను ఈ సంగతి రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. భయపడి కాదు, సిగ్గుపడి. ఆ సిగ్గు దేనికో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మా అత్తయ్య పేరు శాంతమ్మ. వయసులో ఉన్నప్పటినుంచి రిటైరయ్యేదాకా చల్లపల్లిలో ఒక హాస్టల్లో వంట చేసింది. మొదట్లో కట్టెల పొయ్యి, తర్వాత ఊక పొయ్యి. హాస్టల్‌కి గ్యాస్ వచ్చేనాటికే ఆవిడ ఊపిరితిత్తులు పొగచూరిపోయాయి. మామయ్యగారు పోయాక మా పెద్దాడపడుచు రత్నం వదిన దగ్గర, చల్లపల్లిలోనే ఉండేది. రానురాను మంచం మీదినుంచి లేచి వాకిట్లోకి వచ్చినా ఆయాసం వచ్చేది. విజయవాడ తీసుకొచ్చి చూపిస్తే, రాత్రిళ్ళు పడుకునేటప్పుడు ఆక్సిజన్ పెట్టుకోవాల్సిందేనన్నాడు డాక్టరు. గాలిలోంచి ఆక్సిజన్ లాగి గొట్టం ద్వారా ముక్కుకి అందించే కరెంటు మిషను ఒకటి కొన్నాం. అలా ఆవిడ మా ఇంటికి వచ్చింది.

మాది సింగ్‌నగర్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. అత్తయ్యకిచ్చిన గది అంతకుముందు నా మొక్కల గది. పొద్దుటి ఎండ పడే కిటికీ ఉందని కుండీలన్నీ అక్కడే పెట్టుకున్నాను. మనిషెత్తు అరెకా పామ్, కత్తుల్లా నిటారుగా నిలబడే స్నేక్ ప్లాంట్లు, కిటికీ ఊచలకు పాకిన మనీ ప్లాంటు. ఆవిడ మంచం వేయడానికి చోటు సరిపోయింది కాబట్టి వాటిని అక్కడే ఉంచేశాను.

ఒక ఆదివారం చర్చి అయ్యాక చుట్టాలంతా అత్తయ్యను చూడటానికి మా ఇంటికి వచ్చారు. రత్నం వదిన గదిలో అడుగుపెట్టీ పెట్టగానే గుమ్మంలో ఆగిపోయింది.

"ఇదేంటి సుజాతా, అమ్మ పడుకునే చోట ఈ అడివేంటి? రాత్రిళ్ళు మొక్కలు మన గాలి లాగేసుకుంటాయి కదా. చింతచెట్టు కింద పడుకోవద్దని పెద్దోళ్ళు ఊరికే అన్నారా?"

నేను మామూలుగా చెప్పి ఉండొచ్చు. క్లాసులో చెప్పినట్టు చెప్పాను. మొక్క రాత్రిపూట మనలాగే ఆక్సిజన్ తీసుకునే మాట నిజమేననీ, కానీ కుండీలో మొక్క తీసుకునేది ఎంత తక్కువంటే గదిలో గాలికి ఆ సంగతే తెలియదనీ చెప్పాను. ఈ కుండీలన్నీ కలిసి రాత్రంతా పీల్చే దానికంటే పక్కన పడుకున్న మనిషి పీల్చేదే ఎన్నో రెట్లు ఎక్కువన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది.

"అంత భయమైతే వదినా, ముందు అన్నయ్యగారిని మీ గదిలోంచి బయటికి పంపించండి. గాలి బాగా మిగులుతుంది," అన్నాను.

అందరూ పడీపడీ నవ్వారు. అత్తయ్య కూడా ఆయాసపడుతూ నవ్వింది. వదిన నవ్వలేదు. "మాకేం తెలుస్తుందిలే, చదువుకోలేదుగా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నిజానికి రెండోవైపు వాళ్ళనూ నేను వదిలిపెట్టేదాన్ని కాదు. స్నేక్ ప్లాంటు రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందనీ, బెడ్‌రూమ్‌లో పెట్టుకుంటే డాక్టరు అక్కర్లేదనీ చెప్పి అమ్మేవాళ్ళున్నారు కదా. ఆ మొక్క రాత్రిపూట ఆకురంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ దాచుకునే మాట వాస్తవం. అంతమాత్రాన చీకట్లో ఆక్సిజన్ ఇవ్వదు. పగలు ఇచ్చేది కూడా మన గదికి ఏమూలకీ సరిపోదు. మేలూ లేదు, కీడూ లేదు, చూడటానికి బాగుంటాయి, అంతే. ఇదంతా ఒక వీడియోలో చెప్పాను. మా కాలేజీ వాళ్ళు తీశారు. అది మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి కూడా వచ్చింది. అప్పటినుంచి లిఫ్టులో కనపడితే అందరూ "మొక్కల మేడం" అనేవాళ్ళు. నాకది బాగానే ఉండేది.

అత్తయ్య ఆ గదిలో కుదురుకుంది. కొన్నాళ్ళకు ఒక పొద్దున కాఫీ గ్లాసు అందుకుంటూ, చాలా మామూలుగా, "రాత్రి నాతోపాటు ఎవరో ఊపిరి తీస్తున్నారే," అంది.

మిషను చప్పుడై ఉంటుందన్నాను.

"మిషను బుస్సుమంటుందమ్మా, అది నాకు తెలుసుగా. ఇది మనిషి తీసినట్టు మెల్లగా తీస్తుంది. నాకు అందకపోతే కాసేపు ఆగుతుంది. నేను మొదలుపెడితే మళ్ళీ మొదలుపెడుతుంది. దాంతోపాటు తీస్తుంటే నాకూ సులువుగా ఉంది."

ఆవిడ మొహంలో భయం లేదు. రైల్లో పక్క సీట్లో మంచి మనుషులు దొరికారని చెప్పినట్టు చెప్పింది. నేను మా ఆయన ప్రభాకర్‌కి చెప్పి నవ్వాను. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయనకీ చెప్పాను. ఆక్సిజన్ తక్కువగా ఉన్నవాళ్ళకు ఇలాంటివి అనిపిస్తాయన్నాడు. నేననుకున్నదీ అదే. ఆ తర్వాత ఆవిడ ఆ మాట ఎత్తినప్పుడల్లా "సరేలెండి అత్తయ్యా" అని వేరే మాటలోకి దించేసేదాన్ని.

ఆ వర్షాకాలంలోనే బుడమేరు వాగు పొంగింది.

ఈ ఊరివాళ్ళకు దాని గురించి నేను చెప్పనక్కర్లేదు. అంతకుముందు రోజంతా ఆగకుండా వాన. రత్నం వదిన అమ్మను చూసి పోదామని వచ్చి, బస్సులు నడవక మా ఇంట్లోనే ఆగిపోయింది. ప్రభాకర్‌కి హనుమాన్ జంక్షన్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు ఉంది. వానకి షాపులోకి నీళ్ళొస్తాయేమోనని వెళ్ళి, అక్కడే ఇరుక్కుపోయాడు. పొద్దున లేచి బాల్కనీలోకి వెళ్తే కింద వీధి లేదు. పార్కింగ్‌లో ఉండాల్సిన బండ్లూ లేవు. ఎర్రటి నీళ్ళు గోడల్ని ఒరుసుకుంటూ పోతున్నాయి. కాసేపటికి కరెంటు పోయింది.

ఇన్వర్టరు మీద మిషను కొంతసేపు నడిచింది. అది అయిపోయాక, అవసరానికని తెచ్చిపెట్టుకున్న చిన్న సిలిండరు తగిలించాం. పొదుపుగా, తగ్గించి తగ్గించి వాడాం. బోట్లు మెయిన్ రోడ్డు మీద తిరుగుతున్నాయని అరుపులు వినిపించేవి కానీ మా సందులోకి ఒక్కటీ రాలేదు. ఎదురు ఫ్లాట్ ఖాదర్ గారికి చెప్పుల హోల్‌సేల్ వ్యాపారం. పెద్దాయన. ఆయన బాల్కనీలో నిలబడి కండువా ఊపుతూ, "ఇక్కడ పేషెంటు ఉందండీ, ఆక్సిజన్ పేషెంటు!" అని గొంతు పోయేలా అరిచేవాడు. నేను ఫోనులో చార్జింగ్ ఉన్నంతవరకూ తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. అందరూ వస్తారనే చెప్పారు.

మర్నాడు సాయంత్రం చీకటి పడే వేళకి సిలిండరు ముల్లు సున్నాకి వచ్చింది.

అత్తయ్యను దిళ్ళు పెట్టి కూర్చోబెట్టాం. ఆవిడ పెదాలు నల్లబడ్డాయి. వేలికి పెట్టే ఆక్సీమీటరులో అంకె ఎనభైల్లోకి దిగింది. మురుగు వాసన, దోమలు లోపలికి వస్తున్నాయని అంతకుముందే కిటికీ తలుపులు గడియపెట్టేశాం. గదిలో ఉక్కపోత. మంచం పక్క స్టూలు మీద ఒక కొవ్వొత్తి. ఆవిడ ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. నా చుట్టూ ఆ మొక్కలు.

అప్పుడు నాకేమైందో చెప్పలేను. వదిన ఒక్క మాట కూడా అనలేదు. నాకు నేనే లేచి అరెకా పామ్ కుండీని రెండు చేతులతో పట్టుకుని ఈడ్చుకుంటూ హాల్లోంచి బయటికి తీసుకుపోయాను. మట్టి దారంతా ఒలికింది. మెట్ల దగ్గర పడేసి మళ్ళీ వచ్చి స్నేక్ ప్లాంట్లు ఒక్కోటీ తీసుకుపోయాను. మనీ ప్లాంటు తీగెల్ని ఊచలనుంచి పీకి తెంపేశాను. ఆ మొక్కలు మా అత్తయ్య గాలి తాగేస్తున్నాయని ఆ క్షణంలో నేను పూర్తిగా, గట్టిగా నమ్మాను. ఇన్నేళ్ళు చెప్పిన పాఠం ఒక్కటీ గుర్తుకు రాలేదు.

మెట్ల మీద ఖాదర్ గారు ఎదురయ్యాడు. పైఫ్లోర్ వాళ్ళు పంపిన మంచినీళ్ళ ప్యాకెట్లు మాకు ఇవ్వడానికి వస్తున్నాడు. చేతిలో సెల్‌ఫోన్ లైటు. ఆ వెలుతురు నా మీద, నా చేతిలోని కుండీ మీద పడింది.

"అదేంటి మేడం? మొక్కలు రాత్రి ఏం చెయ్యవని వీడియోలో మీరే చెప్పారు కదండీ?"

ఎగతాళిగా అడగలేదు. ఆయన నిజంగానే అడిగాడు. వాళ్ళావిడ మంచం దగ్గర కూడా మొక్కలున్నాయి. నా మాట మీదే పెట్టుకున్నారు. తీసేయాలా, ఉంచాలా అని ఆయన మొహంలో కనపడుతోంది.

"చోటు కోసం అండీ, అటూ ఇటూ తిరగడానికి అడ్డంగా ఉంటే," అన్నాను. ప్యాకెట్లు అందుకుని మొహం తిప్పుకుని లోపలికి వచ్చేశాను.

గది ఖాళీ అయింది. అత్తయ్యకు కాస్తయినా నయమవుతుందని చూశాను. అవలేదు. ఊపిరి ఇంకా పైపైకి వచ్చేసింది. అంకె ఇంకా దిగింది. ఆవిడ కళ్ళు తెరిచి గది నాలుగు మూలలూ చూసింది.

"ఎందుకు పంపించేశారు?" అంది.

కొడుకు గురించి అడుగుతోందనుకున్నాను. "మీ అబ్బాయి వచ్చేస్తాడత్తయ్యా, దార్లో ఉన్నాడు," అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి కోసం వెతుక్కుంటూ, "నాతోపాటు... తీసేవాళ్ళు లేరు. నాకు వరస... తప్పిపోతుంది," అంది.

నాకు అర్థం కాలేదు. వదినకు అర్థమైంది. లేచి చెంగు నడుముకు దోపుకుని బయటికి నడిచింది. ఆ పెద్ద కుండీని ఒక్కతే కౌగిలించుకుని లోపలికి మోసుకొచ్చింది. మొక్కలు గాలి లాగేస్తాయని ముందు చెప్పిన మనిషి ఆవిడే.

"వద్దు వదినా, గాలి..." అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది.

"నీ చదువు నీ దగ్గర పెట్టుకో. అమ్మ అడుగుతుంది," అంది వదిన.

మంచానికి తలవైపు దాన్ని దించింది. నేను తలొంచుకుని వెళ్ళి మిగతా కుండీలు ఒక్కోటీ తీసుకొచ్చి పెట్టాను. అంతకుముందు ఏవి ఎక్కడున్నాయో అక్కడే పెట్టాలని ఎందుకో పట్టుదలగా చూసుకున్నాను. తెంపేసిన మనీ ప్లాంటు తీగెల్ని ఏం చేయాలో తెలియక కిటికీ గట్టు మీద పెట్టాను. తర్వాత మంచానికి చెరోవైపూ నేల మీద కూర్చున్నాం.

ఇక్కడినుంచి నేను విన్నదీ చూసిందీ మాత్రమే రాస్తాను.

కరెంటు లేదు. ఫ్యాను లేదు. మిషను ఆగిపోయి ఒక రోజు దాటింది. కింద నీళ్ళు గోడకు తగిలే చప్పుడు తప్ప ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. అత్తయ్య ఊపిరి ఈల వేసినట్టు సన్నగా, వేగంగా వినపడుతోంది. కాసేపటికి దాని కింద ఇంకొకటి వినపడటం మొదలైంది. నెమ్మదిగా లోపలికి, నెమ్మదిగా బయటికి. బాగా నిద్రపట్టిన మనిషి ఊపిరిలా ఉంది.

వదినేమో అనుకున్నాను. తల తిప్పి చూశాను. వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నావైపే చూస్తోంది. ఆ ఊపిరి నాదని ఆవిడ అనుకుంది. నేను కూడా ఊపిరి బిగబట్టాను. ఆ చప్పుడు ఆగలేదు. అరెకా పామ్ ఉన్న వైపునుంచి వస్తోంది.

నేను కొవ్వొత్తి వైపు చూశాను. అలవాటు. గాలి ఎటునుంచి వస్తోందో చూద్దామని. మంట నిటారుగా, కదలకుండా ఉంది. దాని వెనక పామ్ ఆకుల కొసలు పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఆ ఊపిరి ఎలా నడుస్తుందో అలాగే. లోపలికి తీసుకునేటప్పుడు కొంచెం పైకి. వదిలేటప్పుడు కిందికి.

చెయ్యి చాపి ఆకులకు దగ్గరగా పెట్టాను. అరచేతికి గోరువెచ్చగా, తడిగా తగిలింది. నిద్రపోతున్న పిల్లల మొహం దగ్గర చెయ్యి పెడితే ఎలా తగులుతుందో అలా. చటుక్కున వెనక్కి తీసుకున్నాను.

అత్తయ్య కళ్ళు మూసుకుంది. ఆవిడ ఊపిరి తడబడినప్పుడల్లా ఆ రెండో ఊపిరి ఆగేది. ఆవిడ మళ్ళీ అందుకునేదాకా ఆగి, తర్వాత మొదలయ్యేది. మెల్లమెల్లగా ఆవిడ ఊపిరి దానితో కలిసింది. భుజాలు ఎగరడం తగ్గింది. ఈల పోయింది. ఆక్సీమీటరు అంకె పైకి రావడం మొదలుపెట్టింది. అది తొంభై దాటినప్పుడు నేను దాన్ని తీసి నా వేలికి పెట్టుకుని చూసి, మళ్ళీ ఆవిడ వేలికే పెట్టాను. చెడిపోలేదు.

వదిన "యేసు రక్తమే జయం, యేసు రక్తమే జయం" అని గొణుక్కుంటూ ఉంది. కొంతసేపటికి అది కూడా మానేసింది. మంచం కిందనుంచి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది. తెల్లవారేదాకా వదల్లేదు. వెలుతురు వచ్చే వేళకి ఆ చప్పుడు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. ఆకులు కదలడం లేదు. అత్తయ్య నిద్రపోతోంది, తన ఊపిరి తనే తీసుకుంటూ.

పొద్దెక్కాక ఖాదర్ గారి అరుపులు ఫలించాయి. ఒక బోటు మా సందులోకి వచ్చింది. అత్తయ్యను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపారు. గట్టున అంబులెన్సు ఎక్కించి ఆసుపత్రిలో చేర్చాం. అంతసేపు ఆక్సిజన్ లేకుండా ఎలా నెట్టుకొచ్చిందని అక్కడి డాక్టరు ఆశ్చర్యపడ్డాడు. కొందరి శరీరం అలా తట్టుకుంటుందమ్మా, అదృష్టం అన్నాడు.

రెండు మూడు రోజులకు ఆవిడ కోలుకుంది. ఆ రోజు ఉదయం రౌండ్స్‌కి పెద్ద డాక్టరు, వెనక కుర్ర డాక్టర్లు వచ్చారు. వాళ్ళలో ఒక అమ్మాయి నన్ను చూసి ఆగిపోయింది.

"నమస్తే మేడం! గుర్తుపట్టారా? మీ దగ్గరే బోటనీ చదివాను." పెద్ద డాక్టరు వైపు తిరిగి, "మా మేడం సార్, సూపర్‌గా చెప్తారు," అంది.

సరిగ్గా అప్పుడే అత్తయ్య దిండు మీదినుంచి లేచి కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. "డాక్టరు గారూ, నన్ను ఎవరు బతికించారో చెప్పనా? ఆ గదిలో నాతోపాటు ఊపిరి తీసినవాళ్ళు. ఇన్నాళ్ళూ నేను చెప్తే వీళ్ళు నమ్మలేదు. ఆ రాత్రి వీళ్ళిద్దరూ నా పక్కనే ఉన్నారు. సుజాతా, నువ్వు కూడా విన్నావుగా? చెప్పు."

అందరూ నావైపు చూశారు. ఆ అమ్మాయి నవ్వుతూ చూసింది.

"లేదత్తయ్యా, నేనేం వినలేదు. మీకు ఆక్సిజన్ తగ్గింది కదా, అలా అనిపించి ఉంటుంది," అన్నాను.

ఆవిడ వదిన వైపు తిరిగింది. వదిన నేల చూపులు చూస్తూ, "నాకు నిద్రపట్టేసిందమ్మా," అంది.

అత్తయ్య మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కోప్పడలేదు. ఆ వెలుగు మాత్రం మొహంలోంచి పోయింది. డాక్టర్ల వైపు తిరిగి, తప్పు చేసినదానిలా నవ్వి, "పెద్దదాన్నండీ, ఏదో వాగాను, ఏమనుకోకండి," అంది. దుప్పటి మెడదాకా లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది.

నాకు సిగ్గు మొదలైంది అక్కడే. మెట్ల మీద ఖాదర్ గారి ముందు పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది?

నీళ్ళు తీశాక, ప్రభాకర్ కూడా వచ్చి, అందరం ఇంటికి చేరాం. మట్టి కడిగాం. మొక్కలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. తర్వాత చాలా సాయంత్రాలు నేను ఆ గదిలో తలుపులు మూసుకుని, కొవ్వొత్తి వెలిగించుకుని, అత్తయ్య హాల్లో ఉన్నప్పుడు ఒక్కదాన్నే కూర్చున్నాను. ఏమీ వినపడలేదు. ఏ ఆకూ కదల్లేదు.

కారణాలు వెతక్కుండా ఊరుకోలేదు. చుట్టూ నీళ్ళుంటే చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో తెలియదని చెప్పుకున్నాను. నిద్రలేని మనిషి చెవులు మోసం చేస్తాయని చెప్పుకున్నాను. వేళ్ళు చల్లబడితే ఆక్సీమీటరు తప్పు చూపిస్తుంది, వేళ్ళు వెచ్చబడితే అంకె పెరుగుతుంది. కూతురు పక్కన ఉంటే గాభరా తగ్గి ఊపిరి కుదుటపడుతుంది. ఇవన్నీ నిజాలే. మా క్లాసులో పిల్లలెవరైనా అడిగితే ఇవే చెబుతాను. కానీ కదలని మంట వెనక కదిలిన ఆకులకూ, నా అరచేతికి తగిలిన వెచ్చదనానికీ ఇందులో ఏదీ అతకదు. ఇద్దరం ఒకేసారి ఊపిరి బిగబట్టి విన్నదానికీ అతకదు.

అత్తయ్య మాత్రం మారిపోయింది. ఆ ఊపిరి మాట మళ్ళీ ఎత్తలేదు. వరద సంగతి ఎవరైనా అడిగితే, "అప్పుడు నాకు మతి తప్పిందంట," అని తనే చెప్పి నవ్వేది. ఎదుటివాళ్ళు నవ్వేలోపే తను నవ్వేది. అదివరకు చర్చిలో సాక్ష్యం చెప్పమంటే ముందు లేచే మనిషి, ఇప్పుడు ఏం మాట్లాడినా "నిజమేనా సుజాతా?" అని నన్ను అడిగి మరీ మాట్లాడుతోంది. మందు వేసుకున్నానా, లేదా అని అడుగుతుంది. తన కళ్ళనీ చెవుల్నీ తనే నమ్మడం మానేసింది. పక్కన కూర్చుని అది చూస్తూ ఉండటం ఎలా ఉంటుందో నేను రాయలేను.

ఈమధ్య ఒక మధ్యాహ్నం ఇక ఆగలేకపోయాను. ఆవిడ బాల్కనీలో కూర్చుని తోటకూర బాగుచేస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పేశాను.

"అత్తయ్యా, ఆ రాత్రి నేను కూడా విన్నాను. వదినా వింది. ఆసుపత్రిలో డాక్టర్ల ముందు, నా స్టూడెంటు ముందు పరువు పోతుందని అబద్ధం చెప్పాను. మీకు మతి తప్పలేదు. నన్ను క్షమించండి."

ఆవిడ చేతిలో కాడ అలాగే ఆగిపోయింది. నన్ను చూసింది. తర్వాత చాలా దయగా నవ్వింది.

"ఊరుకో తల్లీ. నేను మనసు కష్టపెట్టుకుంటున్నానని చెప్తున్నావు. నీ మంచితనం నాకు తెలీదా?"

"ఒట్టు అత్తయ్యా. నేను చెయ్యి పెట్టి చూశాను కూడా."

"చదువుకున్నదానివి. అంతమంది డాక్టర్ల ముందు నువ్వు చెప్పిందే నిజమయ్యుంటుంది. ఇప్పుడు నా కోసం మార్చి చెప్పకు."

నేను వదినకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. "వదినా, అత్తయ్యకు మీరు చెప్పండి. ఆ రోజు మనిద్దరం విన్నామా లేదా?" అన్నాను. అటువైపు చల్లపల్లి ఇంట్లో గిన్నెల చప్పుడు వినపడుతోంది.

"నాకేం గుర్తులేదు సుజాతా. అయిపోయిన మాటలు ఇప్పుడెందుకు? అమ్మ మందులు వేసుకుంటుందా?" అంది వదిన.

"చూశావా," అంది అత్తయ్య. మళ్ళీ తోటకూర మీదికి వంగింది. నావైపు చూడకుండానే, "ఒక పని చెయ్యమ్మా. నా గదిలో ఆ కుండీలు తెచ్చి ఇక్కడ బాల్కనీలో పెట్టెయ్యి. అవి పక్కనుంటే నాకు మళ్ళీ ఆ పిచ్చి ఆలోచనలే వస్తాయేమో. నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేస్తాను," అంది.

వద్దని బతిమాలాను. వినలేదు. ఆ సాయంత్రమే అన్నీ బయట పెట్టాను.

ఆ రాత్రి మా అత్తయ్య పక్కన ఊపిరి తీసింది ఏమిటో, ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చదివిన చదువులో దానికి సమాధానం లేదు. వేరే ఎవరి దగ్గరైనా ఉంటుందనీ అనుకోవడం లేదు. ఇప్పుడు రాత్రిళ్ళు ఆవిడ గదిలోంచి మిషను చప్పుడు ఒక్కటే వినపడుతుంది.

పొద్దున కాఫీ ఇస్తూ, "రాత్రి బాగా నిద్రపట్టిందా అత్తయ్యా?" అని అడుగుతాను. ఇంకేమైనా చెబుతుందేమోనని గ్లాసు అందుకున్నాక కూడా అక్కడే నిలబడతాను.

"పట్టిందమ్మా," అంటుంది. కాఫీ తాగేసి, గ్లాసు నా చేతికిచ్చేస్తుంది.